కొత్త టైల్స్ వేసినా బాత్రూమ్ కింద చెమ్మ ఎందుకు? గోదావరి జిల్లాల్లో ఇల్లు కట్టేవాళ్లు టైల్స్‌కి ముందు చేయాల్సిన ఆ ఒక్క టెస్ట్ ఇదే..

లక్షలు పోసి ఇల్లు కట్టారు. నాలుగు షోరూమ్‌లు తిరిగి మరీ టైల్స్ తెచ్చారు. గృహప్రవేశం ఘనంగా అయింది. తీరా మొదటి వర్షాకాలం దాటేసరికి.. బాత్రూమ్ గోడకు అవతలివైపు, పడకగదిలో, అడుగు ఎత్తున పెయింట్ బుడగలు వచ్చింది. వేలితో తాకితే పొడిలా రాలుతోంది. తలుపు చట్రం కింద చెక్క మెత్తబడింది. మేస్త్రీని పిలిస్తే "టైల్స్ మధ్య గీతల్లో వైట్ సిమెంట్ కొడితే సరిపోద్ది" అన్నాడు. కొట్టారు. మూడు నెలలకు మళ్లీ అదే కథ.

రాజమహేంద్రవరం, భీమవరం, అమలాపురం, తణుకు, నరసాపురం.. గోదావరి డెల్టాలో ఏ వీధిలో అడిగినా ఇలాంటి ఇల్లు ఒకటైనా కనిపిస్తుంది. చాలామంది తప్పును టైల్ మీదకో, సిమెంట్ మీదకో నెట్టేస్తారు. కానీ అసలు తప్పు టైల్ కింద ఉంటుంది. ఒకసారి టైల్ వేసేశాక కనిపించని చోట ఉంటుంది. అందుకే అది బయటపడేసరికి పగలగొట్టడం తప్ప వేరే దారి ఉండదు.

స్నానాల గది నేల నిజంగా నీళ్లు దిగకుండా ఉండాలంటే ఏం చేయాలి? డెల్టా నేలలో అదనంగా ఏం జాగ్రత్త పడాలి? స్టెప్ బై స్టెప్ చూద్దాం..

టైల్ నీళ్లను ఆపదు.. ఇది ముందు తెలుసుకోవాలి!

చాలామందిలో ఉన్న పెద్ద అపోహ ఇదే. టైల్స్ వేశాం కాబట్టి నీళ్లు దిగవు అనుకుంటారు. విట్రిఫైడ్ టైల్ పలక వరకు చూస్తే అది నిజమే. దాని నీటి పీల్పు అర శాతం కంటే తక్కువ. కానీ నేలంతా ఒకే పలక కాదు కదా! పలకకూ పలకకూ మధ్య గీతలు ఉంటాయి. ఆ గీతల్లో నింపేది వైట్ సిమెంటో, మామూలు గ్రౌటో. అవి రెండూ నీళ్లు పీలుస్తాయి. రోజుకు నలుగురు స్నానం చేస్తే ఆ గీతల్లోంచి కొంచెం కొంచెంగా నీళ్లు కిందకు దిగుతూనే ఉంటాయి.

అంటే టైల్ అనేది పైన కనిపించే అందం, కాలికి గట్టి నేల. అంతే. నీళ్లను ఆపే పని టైల్ కింద ఉండే వాటర్‌ప్రూఫ్ పొరది. ఆ పొర సరిగ్గా ఉంటే పైన టైల్ పగిలినా కింద చెమ్మ రాదు. ఆ పొర లేకపోతే పైన ఎంత ఖరీదైన ఇటాలియన్ మార్బుల్ వేసినా ఆగదు.

డెల్టాలో 'బేస్‌మెంట్' అంటే లెక్క వేరు

అమెరికాలో బేస్‌మెంట్ అంటే ఇంటి కింద, భూమి లోపల ఉండే గది. మన దగ్గర బేస్‌మెంట్ అంటే అందరికీ తెలిసిందే. రోడ్డు కంటే ఎత్తుగా, మెరక చేసి కట్టే ఇంటి దిమ్మ. "బేస్‌మెంట్ ఎంత ఎత్తు లేపారు?" అనేది గోదావరి జిల్లాల్లో ఇల్లు కట్టేవాళ్లను అడిగే మొదటి ప్రశ్న. ఒకే మాటకు రెండు చోట్లా పూర్తిగా ఎదురు అర్థం.

దానికి కారణం ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు డెల్టా మొత్తం అల్లుకుపోయాయి. ఏడాదిలో ఎక్కువ నెలలు కాలువల్లో నీళ్లు, చేలల్లో నీళ్లు, ఇప్పుడు చేపలు, రొయ్యల చెరువుల్లో నీళ్లు. కోనసీమలో చాలాచోట్ల కొద్ది అడుగుల గొయ్యి తవ్వితే చాలు, ఊట వచ్చేస్తుంది. ఇలాంటి నేలలో కిందకి దిగి గది కట్టడం కంటే పైకి లేపి కట్టడమే తెలివైన పని అని పెద్దవాళ్లకు ఎప్పుడో తెలుసు.

పైగా వరదలు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది ఇస్తారు. 1986 ఆగస్టు వరదను పెద్దలు ఇప్పటికీ చెబుతారు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు కోనసీమ లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. ఇంట్లోకి వరద రాకపోయినా, ఇంటి కింద భూమిలో నీటిమట్టం మాత్రం పెరుగుతుంది. ఆ ఒత్తిడి ముందు తగిలేది ఇంట్లో అన్నింటికంటే పల్లంగా ఉండే నేలకు.. అంటే బాత్రూమ్‌కే!

నీళ్లు రెండు వైపుల నుంచీ వస్తాయి

మేడ మీద బాత్రూమ్‌కు శత్రువు ఒక్కటే. పైనుంచి పడే నీళ్లు. కానీ డెల్టాలో కింద అంతస్తు బాత్రూమ్‌కు ఇద్దరు శత్రువులు. పైనుంచి స్నానం నీళ్లు, కిందనుంచి భూమిలో చెమ్మ.

కిందనుంచి వచ్చే ఒత్తిడి తక్కువేం కాదు. నేల కంటే ఒక అడుగు ఎత్తున భూగర్భ జలం నిలిస్తే, చదరపు అడుగుకు సుమారు 28 కిలోల బరువుతో పైకి తోస్తుంది. టైల్స్ కింద ప్లాస్టిక్ పెయింట్‌లా పూసిన పొర పైనుంచి పడే నీళ్లను బాగానే ఆపుతుంది. కానీ కిందనుంచి ఒత్తిడి వస్తే బుడగలా లేచిపోతుంది. గోడకు వేసిన స్టిక్కర్‌ను ముందు నుంచి తోస్తే గట్టిగా అతుక్కుంటుంది, వెనక నుంచి తోస్తే ఊడిపోతుంది.. సరిగ్గా అలాగే అన్నమాట.

అందుకే కింద అంతస్తులో రెండు పొరలు కావాలి. కిందనుంచి వచ్చే చెమ్మను కాంక్రీట్ కిందే ఆపే పొర ఒకటి. స్నానం నీళ్లను ఆపడానికి టైల్ కింద మరొకటి. చాలా ఇళ్లలో మొదటిదాన్ని అసలు పట్టించుకోరు. ఎందుకంటే డెల్టాలో ఇళ్లు ఎక్కువగా వేసవిలో మొదలవుతాయి. అప్పుడు కాలువలు కట్టేసి ఉంటాయి, నేల ఎండి నెర్రెలు ఇచ్చి ఉంటుంది. ఆ నేలను చూసి "ఇక్కడ చెమ్మ ఎక్కడిది?" అనిపిస్తుంది. జూన్‌లో కాలువలు వదిలాక, జులైలో గోదావరి పొంగాక అసలు సంగతి తెలుస్తుంది.

కింద అంతస్తు బాత్రూమ్.. స్టెప్ బై స్టెప్

1. మెరక సరిగ్గా ఉండాలి

బేస్‌మెంట్ లోపల నింపే మట్టే పునాది. నల్లరేగడి మట్టి తీసుకొచ్చి నింపేయొద్దు. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. నేల కదిలితే పైన గచ్చు పగులుతుంది, దాంతో పాటే వాటర్‌ప్రూఫ్ పొరా చిరుగుతుంది. గ్రావెల్ గానీ ఇసుక గానీ వాడాలి. ఒకేసారి ట్రాక్టర్లతో పోసి వదిలేయకుండా ఆరు నుంచి తొమ్మిది అంగుళాల పొరలుగా వేస్తూ, నీళ్లు పెట్టి, దిమ్మిస కొట్టాలి.

2. పాలిథిన్ షీట్, పైన కాంక్రీట్

దిమ్మిస అయ్యాక పైన సన్నటి ఇసుక పరిచి, 250 మైక్రాన్ల మందం ఉన్న పాలిథిన్ షీట్ వేయాలి. షీట్ మీద షీట్ కనీసం అర అడుగు ఎక్కేలా పరిచి, కలిసే చోట టేపు అంటించాలి. అంచులు గోడల వైపు పైకి మడవాలి. దాని మీద నాలుగు అంగుళాల కాంక్రీట్. చిరగకుండా చూసుకోవడం ముఖ్యం. కంకర తట్టలు మోసేవాళ్లు చెప్పులతో తొక్కి చింపేస్తే ఆ ఖర్చంతా వృథా.

తీర మండలాల్లో ఇంకో జాగ్రత్త ఉంది. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాటితో సిమెంట్ కలపొద్దు, తడపొద్దు. ఆ ఉప్పే తర్వాత గోడల మీద తెల్లగా పొంగుతుంది. శ్లాబులో ఇనుమును కూడా తినేస్తుంది. ట్యాంకర్ మంచినీళ్లు తెప్పించుకుంటే ఆ ఖర్చు పెద్దది కాదు.

3. పైపులు, ట్రాప్

లీకేజీల్లో ఎక్కువ భాగం మొదలయ్యేది ఇక్కడే. నీళ్లు బయటకు పోయే నాని ట్రాప్ చుట్టూ, గోడలోంచి పైపు వచ్చే కన్నం చుట్టూ మామూలు సిమెంట్ ముద్ద కుక్కేస్తారు. అది ఆరాక కుంచించుకుపోయి పైపు చుట్టూ వెంట్రుకంత సందు వస్తుంది. నీళ్లకు ఆ సందు చాలు! అక్కడ కుంచించుకుపోని గ్రౌట్ వాడాలి. బజార్లో నాన్ ష్రింక్ గ్రౌట్ అని అడిగితే ఇస్తారు.

గోడలో వేడి, చల్ల నీళ్ల పైపులు మూసేముందు ప్రెజర్ టెస్ట్ చేయించాలి. పంపుతో ఒత్తిడి పెట్టి, గేజ్ ముల్లు దిగుతోందో లేదో కొన్ని గంటలు చూడాలి. గోడ మూశాక లీక్ తెలిస్తే ఏం లాభం?

4. వాటం.. అసలు రహస్యం ఇదే

నీళ్లు ట్రాప్ వైపు వెళ్లాలంటే నేలకు వాటం ఉండాలి. షవర్ కింద అడుగుకు పావు అంగుళం లెక్క వేసుకోవాలి. అంటే నాలుగు అడుగుల దూరానికి ఒక అంగుళం. మిగతా నేలకు ఇంతకంటే కొంచెం తక్కువైనా పర్వాలేదు.

అయితే ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. కింద గచ్చును చదునుగా వేసి, దాని మీద వాటర్‌ప్రూఫ్ పూసి, చివరకు టైల్ వేసేటప్పుడు వాటం ఇస్తారు. పైకి చూస్తే నీళ్లు బాగానే పోతుంటాయి. కానీ గీతల్లోంచి దిగిన నీళ్లు కింద చదునుగా ఉన్న పొర మీద నిలిచిపోతాయి. నెలల తరబడి అక్కడే ఉండి కుళ్లు వాసన వస్తుంది. ఎంత కడిగినా వాసన పోవడం లేదంటే కారణం ఇదే కావచ్చు. అందుకే వాటం టైల్‌కి కాదు, ముందు గచ్చుకు ఇవ్వాలి. వాటర్‌ప్రూఫ్ పొర ఆ వాటం మీద పడాలి.

5. మూలలు గుండ్రంగా

నేల, గోడ కలిసేచోట నిలువు మూల ఉంటే పూసిన పొర అక్కడే ముందు చీలుతుంది. అందుకని ఆ మూల పొడవునా సిమెంట్‌ను గుండ్రంగా పట్టించాలి. దాని మీద పొర వేసేటప్పుడు ఫైబర్ మెష్ గుడ్డ కలిపి అతికించాలి. ట్రాప్ చుట్టూ కూడా అంతే.

6. రెండు కోట్లు, రెండు దిశలు

ఇళ్లలో ఎక్కువగా వాడేది పొడి, ద్రవం కలిపే పాలిమర్ సిమెంట్ కోటింగ్. బ్రాండ్ ఏదైనా ప్యాకెట్ మీద రాసిన పాళ్లు మార్చొద్దు. "కొంచెం నీళ్లు పోస్తే ఇంకో గదికి కూడా వస్తుంది" అనే లెక్క అసలు వద్దు. నేలను తడిపి, నిలిచిన నీళ్లు తుడిచేసి, మొదటి కోటు ఒక దిశలో బ్రష్‌తో వేయాలి. అది ఆరాక రెండోది అడ్డంగా వేయాలి. మొదటి కోటులో తప్పిన చుక్కంత సందులు రెండో కోటులో మూసుకుపోతాయి.

నేల మీద మాత్రమే వేస్తే సరిపోదు. చుట్టూ గోడల మీద కనీసం అడుగు ఎత్తు, షవర్ ఉన్న గోడలకు ఆరు అడుగుల ఎత్తు వరకు తీసుకెళ్లాలి. ఉదాహరణకు 5 అడుగులు, 7 అడుగుల బాత్రూమ్ తీసుకుందాం. నేల 35 చదరపు అడుగులు. చుట్టూ గోడ 24 అడుగుల పొడవు కాబట్టి అడుగు ఎత్తుకు 24 చదరపు అడుగులు. షవర్ మూలలో రెండు గోడలు కలిపి 6 అడుగుల పొడవు అనుకుంటే పైన ఇంకో 5 అడుగుల ఎత్తుకు 30. మొత్తం 89 చదరపు అడుగులు. అంటే నేల కొలతకు రెండున్నర రెట్లు! కాంట్రాక్టర్ 35 చదరపు అడుగులకే మెటీరియల్ తెచ్చాడంటే గోడలకు వేయడం లేదని అర్థం.

గుమ్మం దగ్గర కూడా మర్చిపోవద్దు. గడప రాయి వేయకముందే పొరను దాని కిందుగా తీసుకెళ్లాలి. లేకపోతే నీళ్లు గడప కిందనుంచి పడకగదిలోకి పాకుతాయి. తలుపు చట్రం పాడైపోవడానికి, చెద పట్టడానికి అదే మొదలు.

ఆ ఒక్క టెస్ట్ ఇదే.. 48 గంటలు నీళ్లు నిలపడం

కోటింగ్ పూర్తిగా ఆరాక, టైల్స్‌కి ముందు ట్రాప్‌ను గట్టిగా మూసేయాలి. గుమ్మానికి అడ్డంగా చిన్న కట్ట కట్టాలి. రెండు అంగుళాల ఎత్తు నీళ్లు నింపాలి. నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో గోడ మీద పెన్సిల్‌తో గీత గీయాలి. 48 గంటలు వదిలేయాలి. తక్కువలో తక్కువ 24 గంటలు.

ఎండకు ఆవిరై కొంచెం తగ్గడం మామూలే. ఆ తేడా తెలియాలంటే చిన్న చిట్కా ఉంది. అదే గదిలో వెడల్పు పళ్లెం లేదా బేసిన్‌లో నీళ్లు పోసి దానికీ గీత పెట్టండి. రెండూ ఒకేలా తగ్గితే అది ఆవిరి. నేల మీద నీళ్లు ఎక్కువ తగ్గితే అది లీక్. మేడ మీదైతే ఇంకా సులువు. కింద గది సీలింగ్‌లో తడి కనిపిస్తే చాలు.

ఈ టెస్ట్‌లో లీక్ బయటపడితే నష్టం ఒక రోజు పని, ఒక డబ్బా కోటింగ్. అదే టైల్స్ వేశాక బయటపడితే టైల్స్, గచ్చు, కమోడ్, కుళాయిలు అన్నీ పీకాలి. పాత టైల్ డిజైన్ షాపులో మళ్లీ దొరకదు కూడా. అందుకే ఈ రెండు రోజులు ఎవరు ఎంత తొందర పెట్టినా వదులుకోవద్దు.

టైల్స్ వేసేటప్పుడు..

టెస్ట్ పాసైతే సగం గెలిచినట్టే. విట్రిఫైడ్ టైల్ నీళ్లు పీల్చదు కాబట్టి సిమెంట్ పాలు దానికి సరిగ్గా పట్టవు. టైల్ అడ్హెసివ్ వాడాలి. దీనికి ఐఎస్ 15477 అని భారత ప్రమాణం ఉంది. సంచి మీద ఆ నంబర్, టైప్ చూసి తీసుకోవాలి. టైల్ వెనక మొత్తం అడ్హెసివ్ పట్టాలి. నాలుగు మూలలా నాలుగు ముద్దలు పెట్టి అతికిస్తే మధ్యలో డొల్ల ఏర్పడి, అందులో నీళ్లు చేరతాయి. ఆరాక కర్రతో గానీ నాణెంతో గానీ కొట్టి చూస్తే డొల్ల శబ్దం తెలిసిపోతుంది.

టైల్స్‌ను ఒకదానికొకటి ఆనించి వేయొద్దు. స్పేసర్ పెట్టి రెండు మూడు మిల్లీమీటర్ల సందు వదలాలి. షవర్ దగ్గర ఆ సందులో ఎపాక్సీ గ్రౌట్ నింపితే నీళ్లు పీల్చదు, పాకుడూ తక్కువ. నేల, గోడ కలిసే గీతలో మాత్రం గ్రౌట్ కాకుండా సిలికాన్ వేయాలి. అక్కడ ఇల్లు సన్నగా కదులుతుంది. గ్రౌట్ పగులుతుంది, సిలికాన్ సాగుతుంది.

నేలకు మెరిసే టైల్ అసలు వద్దు. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే మరీ ముఖ్యం. బాత్రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరగడం అంటే ఆ కుటుంబానికి ఆస్పత్రి, ఆపరేషన్, నెలల మంచం. గరుకు టైల్, చిన్న సైజు పలకలు, గోడకు ఒక పట్టుకునే కడ్డీ.. ఈ మూడూ వాటర్‌ప్రూఫింగ్ అంత ముఖ్యం. చెమ్మ పట్టిన గోడలో స్విచ్ బోర్డు ఉంటే షాక్ ప్రమాదం కూడా. గీజర్ లైన్‌కు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్ ఉన్నాయో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి.

మేడ మీద బాత్రూమ్‌లో దాగి ఉండే చెరువు

రాజమహేంద్రవరం, కాకినాడ అపార్ట్‌మెంట్లలో పై ఫ్లాట్, కింద ఫ్లాట్ వాళ్ల మధ్య గొడవలకు పెద్ద కారణం సంకెన్ శ్లాబ్. పైపులు కనపడకుండా ఉండటానికి బాత్రూమ్ శ్లాబ్‌ను అడుగు వరకు కిందకు దించి పోస్తారు. ఆ గుంతలో ఇటుక ముక్కలు, రాబిష్ నింపి పైన గచ్చు వేస్తారు. పై గచ్చులోంచి దిగిన నీళ్లు ఆ ఇటుక ముక్కల్లో చేరతాయి. బయటకు పోయే దారి లేదు. నిండే వరకు ఎవరికీ తెలియదు. నిండాక కింద ఫ్లాట్ సీలింగ్‌లో పెచ్చులు ఊడటం మొదలవుతుంది.

ఇక్కడ పొర రెండు చోట్ల వేయాలి. గుంత అడుగున ఒకసారి, పైన గచ్చు మీద మరోసారి. నీళ్ల పరీక్ష కూడా రెండుసార్లు. గుంత అడుగు నుంచి బయటకు చిన్న పైపు ఒకటి పెడితే ఇంకా మంచిది. ఆ పైపులోంచి ఎప్పుడైనా చుక్క పడిందంటే పైన లీక్ ఉందని ముందే హెచ్చరిక. కింద సీలింగ్ పాడయ్యే వరకు ఆగక్కర్లేదు.

సెల్లార్‌లో గది ఉంటే.. అసలు ఇబ్బంది వీళ్లకే

డెల్టా పట్టణాల్లో నిజంగా భూమి కింద ఉండేది అపార్ట్‌మెంట్ సెల్లార్. కార్లతో పాటు చాలాచోట్ల అందులోనే వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది. ఒక గది, పక్కనే చిన్న స్నానాల గది. వర్షాకాలంలో ఆ గది గోడలు ఏడుస్తుంటాయి. పిల్లలు, ముసలివాళ్లు ఆ చెమ్మలోనే పడుకుంటారు. ఫ్లాట్ల వాళ్లు మెయింటెనెన్స్ మీటింగ్‌లో చివరగా మాట్లాడుకునే విషయం కూడా అదే.

అక్కడ ఇబ్బంది రెండు రకాలు. ఒకటి, నేలకు, గోడలకు బయటనుంచి భూగర్భ జలం ఒత్తిడి. లోపలనుంచి మామూలు కోటింగ్ వేస్తే లేచిపోతుంది. కాంక్రీట్ రంధ్రాల లోపలికి దిగి స్ఫటికాలుగా పెరిగే క్రిస్టలైన్ రకం కోటింగ్ అయితే లోపలివైపు నుంచి వేసినా పనిచేస్తుంది. అయితే ముందు పగుళ్లు, కారుతున్న చోట్లు మూసేయాలి. రెండు, మురుగు. రోడ్డు మీద డ్రైనేజీ కంటే సెల్లార్ నేల కిందకు ఉంటుంది. నీళ్లు తమంతట తాము పైకి పోవు. చిన్న సంపు కట్టి, మోటార్‌తో పైకి పంపాలి. వెళ్లే పైపుకు నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టాలి. అది లేకపోతే పెద్ద వాన పడిన రోజు రోడ్డు మురుగు వెనక్కి తన్ని స్నానాల గదిలోకి వస్తుంది.

పల్లెల్లో కూడా ఇదే సమస్య వేరే రూపంలో ఉంది. సెప్టిక్ ట్యాంక్ పక్కన ఇంకుడు గుంత తవ్వుతారు. వరద రోజుల్లో ఆ గుంతలో అప్పటికే ఊట నిండి ఉంటుంది. ఇంక స్నానం నీళ్లు ఎక్కడికి ఇంకుతాయి? బాత్రూమ్‌లో నీళ్లు నిలిచిపోతే లోపం ట్రాప్‌ది కాకపోవచ్చు. బేస్‌మెంట్‌తో పాటు ట్యాంక్ ఎత్తు కూడా ముందే లెక్క వేసుకోవాలి.

అమెరికాలో మనవాళ్ల బేస్‌మెంట్ షవర్

గోదావరి జిల్లాల నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన కుటుంబాలు చాలానే. న్యూజెర్సీ లాంటి చలి రాష్ట్రాల్లో ఇళ్లకు బేస్‌మెంట్ మామూలే. టెక్సస్‌లో అరుదు. ఊరి నుంచి అమ్మానాన్న వస్తే ఉండటానికని బేస్‌మెంట్‌లో గది, షవర్ కట్టించుకునేవాళ్లు ఉన్నారు. అక్కడ పని మొదలయ్యేది కాంక్రీట్ నేల కోయడంతో. పైపు కోసం కాలువలా కోసి, డ్రెయిన్ పెట్టి, మళ్లీ మూస్తారు. మురుగు లైన్ పైన ఉంటే పంపు పెడతారు. ముందు స్థానిక అధికారుల అనుమతి తీసుకుని, మూసేముందు ఇన్‌స్పెక్టర్‌కు చూపించాలి.

పద్ధతి మాత్రం మన దగ్గర చెప్పుకున్నదే. ముందు వాటం, దాని మీద నీళ్లు దిగని షీట్, చివర టైల్. అడుగుకు పావు అంగుళం వాటం కొలత కూడా అక్కడిదీ ఇదే. నీళ్లు నిలిపి చూసే టెస్ట్ అక్కడా ఉంది. అక్కడ ఆ టెస్ట్‌ను ఇన్‌స్పెక్టర్ అడుగుతాడు. ఇక్కడ ఇంటి యజమానే అడగాలి. తేడా అదొక్కటే!

పాత ఇంట్లో చెమ్మ వస్తోందా? ముందు ఇలా కనిపెట్టండి

పగలగొట్టే ముందు చెమ్మ ఎక్కడిదో తెలుసుకోవాలి. లేకపోతే ఒక జబ్బుకు వేరే మందు వేసినట్టు అవుతుంది.

స్నానాలు ఆపేసి రెండు రోజులు బాత్రూమ్ వాడకుండా చూడండి. అయినా తడి అలాగే ఉంటే నీళ్ల పైపు లీక్ అనుమానించాలి. రాత్రి కుళాయిలన్నీ కట్టేసి ఓవర్‌హెడ్ ట్యాంక్‌లో మట్టం గుర్తు పెట్టండి. ట్యాంక్‌లోకి నీళ్లు రాకుండా చూసి, తెల్లారి మట్టం తగ్గితే లీక్ ఖాయం.

వాడినప్పుడే తడి పెరిగి, వాడకపోతే తగ్గితే అది నేల పొర లేదా మురుగు పైపు లోపం.

ఇక మూడోది డెల్టా వాళ్లు మాత్రమే చేయగల పరీక్ష. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు గోడ ఎండిపోయి, కాలువలు వదిలాక మళ్లీ చెమ్మెక్కుతోందా? అయితే అది భూమిలోంచి వచ్చేది. దానికి టైల్స్ మార్చినా, గ్రౌట్ మార్చినా డబ్బులు దండగే. ఇంజినీర్‌ను పిలిచి గోడ అడుగున చెమ్మను ఆపే చికిత్స చేయించాలి.

మేస్త్రీతో ముందే మాట్లాడుకోవాల్సినవి

గచ్చు ఆరడానికి వారం. కోటింగ్‌కు రెండు రోజులు, అది ఆరడానికి మూడు రోజులు. నీళ్ల పరీక్షకు రెండు. టైల్స్‌కు, గ్రౌట్‌కు మూడు. మొత్తం రెండున్నర వారాలు. వర్షాకాలంలో ఇంకో నాలుగు రోజులు ఎక్కువే. మూడు రోజుల్లో బాత్రూమ్ అప్పగిస్తామంటే అందులో ఏదో ఒక పని ఎగిరిపోయిందని అర్థం.

మేస్త్రీని మాత్రమే తప్పు పట్టి లాభం లేదు. చదరపు అడుగు లెక్కన కూలి మాట్లాడుకుంటే ఆగిన ప్రతి రోజూ ఆయనకు నష్టమే. అందుకే ఒప్పందంలోనే ఇవి రాసుకోవాలి. నీళ్ల పరీక్ష కోసం పని ఆపే రెండు రోజులు ఎవరి ఖర్చు? వాటర్‌ప్రూఫ్ ఎంత ఎత్తు వరకు? పరీక్ష పాసయ్యాకే చివరి వాయిదా డబ్బులు ఇచ్చేలా మాట్లాడుకుంటే ఇద్దరికీ మంచిది. ప్రతి దశలో సెల్‌ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టుకోండి. ముఖ్యంగా పైపులు ఎక్కడెక్కడ వెళ్లాయో. పదేళ్ల తర్వాత గోడకు మేకు కొట్టేటప్పుడు ఆ ఫొటోనే కాపాడుతుంది.

ఇల్లు మెరక చేసి కట్టుకోవడం గోదావరి జిల్లాల వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. నది నేర్పింది. అదే జాగ్రత్త బాత్రూమ్‌లో టైల్ కిందకు కూడా వెళ్తే చాలు. ఈసారి ఇల్లు కట్టే బంధువులు ఎవరైనా టైల్స్ డిజైన్ చూపిస్తే.. బాగుంది అని చెప్పే ముందు ఒక్క ప్రశ్న అడగండి. "నీళ్లు నిలిపి చూశారా?"